పదకొండో మనిషి

ఆదరణ కూడికలో పాస్టరుగారు ఆమె పేరు చదివినప్పుడు ఎవరి గురించి చెబుతున్నారో ఒక క్షణం నాకు తెలియలేదు. బైబిల్లోంచి తీసిన పెద్ద పేరు అది. పక్కన కూర్చున్న, ఆమెతో కలిసి పనిచేసిన ఎల్లమ్మను మోచేత్తో పొడిచి "ఎవరు?" అని అడిగాను కూడా. "మేస్త్రమ్మనే గద," అంది ఎల్లమ్మ, నా మొహంలోకి వింతగా చూసి. పదేళ్ల పరిచయంలో నేను ఆమె పేరు అడగలేదు, ఆమె నా పేరు అడగలేదు. ఆమెకు నేను టీచరమ్మను. టీచర్ని కాదు, జూనియర్ కాలేజీలో లెక్చరర్ని అని రెండు మూడుసార్లు సవరించి చూశాను. "పాఠం చెప్పేటిదే గద," అని తీసిపారేసింది.

ఉప్పునుంతల మండలంలో చిన్న ఊరు వాళ్లది. నేనుండేది వనపర్తిలో. రెండు బస్సులు మారి, ఆఖరి రెండు కిలోమీటర్లు ఆటోలో వెళ్లాను. మేస్త్రమ్మ చనిపోయి అప్పటికి పదిరోజులైంది. జ్వరమని దవాఖానకు పోతే ఊపిరితిత్తుల్లో నీరు అన్నారట, నాలుగో రోజుకు పోయింది. ఆ సంగతి ఎల్లమ్మ ఫోన్ చేసి చెప్పేసరికి నేను ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. బల్ల మీద మందార పువ్వు నిలువుగా కోసి ఉంది. ఫోను పెట్టేశాక పిల్లలకు ఏం చెబుతున్నానో మరిచిపోయాను.

మేస్త్రమ్మ అంటే సీడు పత్తి చేలల్లో పువ్వులు క్రాసింగ్ చేసే ఆడవాళ్ల ముఠాకు పెద్ద. గద్వాల దగ్గర మా ఊళ్లో మాకు నాలుగెకరాల సీడు పత్తి ఉంది, తమ్ముడు చేయిస్తాడు. ఏటా ఆషాఢం ముందు ముఠాలు వచ్చి చేలోనే రేకుల షెడ్డులో దిగుతాయి. ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఇది కంపెనీకి విత్తనం పండించి ఇచ్చే పత్తి. గాలికీ తేనెటీగకూ వదిలేస్తే కుదరదు, ప్రతి పువ్వు మీదా మనిషి చెయ్యి పడాలి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజు మధ్యాహ్నమే పట్టుకుని, అడుగున బొటనవేలి గోరు దింపి, ఒక్క చుట్టుతో రెక్కలనూ పుప్పొడి తొడుగునూ ఊడదీయాలి. నడుమ కీలం ఒక్కటే మిగలాలి. గుర్తుకు ఎర్ర కాగితం ముక్క తగిలించాలి. మర్నాడు పొద్దున మగ చెట్ల పువ్వులు తెచ్చి ఆ కీలం మీద రుద్దాలి. అడుగున పుప్పొడి కాస్త మిగిలిందా, ఆ పువ్వు తనంతట తానే కాయ కడుతుంది. అది కల్తీ. కంపెనీవాళ్లు మనం ఇచ్చిన గింజలు కొన్ని నాటి చూసి, కల్తీ మొక్కలు ఎక్కువైతే పంట మొత్తం వెనక్కి కొడతారు. రెండు నెలల పని. ఆదివారం లేదు, పండుగ లేదు, వాన పడితేనే సెలవు.

"నా ముఠా చేసిన చెల్క ఒక్కటన్న ఎనకకు వచ్చిందా అడుగు," అనేది ఆమె. మొదటి ఏడు మా తమ్ముడు అడిగాడు కూడా. రాలేదు. ఆమె పద్ధతి ఒక్క ముక్కలో ఉంటుంది. అనుమానముంటే గిల్లెయ్. తీసిన మొగ్గలో చుక్కంత పుప్పొడి ఉందేమో అని అనిపిస్తే చాలు, చూసుకోవడాలు, ఊదుకోవడాలు లేవు, మొగ్గనే గిల్లి కింద పడేయడమే. పోయింది ఒక కాయే, ఉంటే పోయేది చేను.

మనిషి పొట్టి. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసేది, పత్తి చేలో అందరూ వేసేదే. ఆ చొక్కాకు రెండు జేబులు. కుడి జేబులో ఎర్ర కాగితాలు, ఎడమ జేబులో ఫోను. కొత్తవాళ్లను చూస్తే మొహం కంటే ముందు చేతులు చూసేది. నన్ను మొదటిసారి చూసినప్పుడు నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి, బొటనవేలు నొక్కి చూసి, "గోరు లేదు," అని వదిలేసింది. పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ అంత తొందరగా తేల్చేయలేదు. క్రాసింగ్ చేసే ఆడవాళ్లు బొటనవేలి గోరు పెంచుకుంటారు. నేను సుద్దముక్క పట్టుకునేదాన్ని, గోళ్లు ఎప్పటికప్పుడు తీసేసుకుంటాను.

ఎడమ జేబులో ఫోనులో వచ్చేది కామెంటరీ. భారత ఆడవాళ్ల జట్టు ఎక్కడ ఆడుతుంటే అక్కడిది. మగవాళ్ల మ్యాచి అయితే ఆమెకు ఉలుకూ లేదు, పలుకూ లేదు. కామెంటరీ హిందీలో. ఆమెకు హిందీ బొంబాయిలో వచ్చింది. పాలమూరు మనిషిని బొంబాయి ఎందుకు వెళ్లావని అడిగేవాళ్లు ఇక్కడెవరూ ఉండరు. పెళ్లయిన కొత్తలో మొగుడితో కలిసి మట్టిపనికి పోయి ఆరేళ్లు అక్కడే ఉందట. ఒకసారి మైదానం పక్కన బంగళా కడుతున్నారు. ఆమె మూడో అంతస్తు పరంజా మీద ఇటుకలు అందించేది. కింద తెల్లబట్టలు కట్టుకుని ఆడపిల్లలు క్రికెట్ ఆడేవాళ్లు.

"ఒక పిల్ల మీదికి బంతి పోయింది. చేతుల్లకెల్లి జారిపోయింది. ఆఖరి బంతేమో, ఆట ఓడిపోయిండ్రు. నేను అనుకున్న, ఇగ అయిపోయింది ఈ పిల్ల పని, జుట్టు వట్టుకోని తన్నుతరు అని. మా మేస్త్రి అయితే ఒక్క ఇటుక జారితే అమ్మ అక్క తిడుతుండె. ఆ పిల్లలు ఏమనలే. అందరు కల్సి పోయి నీళ్లు తాగిండ్రు. గంతే. నేను గదే సూసిన, టీచరమ్మా."

ఈ కథ నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ "గంతే" దగ్గరే ఆపింది. నాకు క్రికెట్టంటే పడదు. ఊళ్లో తమ్ముడూ, వనపర్తిలో నా భర్తా టీవీ ముందు కూర్చుంటే గ్యాసు మీద పాలు పొంగినా చూసే నాథుడుండడు. అందుకని నేను విన్నట్టు తల ఊపి ఊరుకునేదాన్ని.

ఆమె ఆటగాళ్ల పేర్లు చెప్పేది కాదు. తెలియక కాదు, కామెంటరీ వాళ్లు రోజంతా చెబుతూనే ఉంటారు. "ముందుగాల పోయినోళ్లు మంచిగ ఆడిండ్రు," "ఎనకొచ్చినోళ్లు నిలవలే," అనేది. మరీ అవసరమైతే "ఆ ఎడమచెయ్యి పిల్ల". మన ఆడవాళ్లు పెనిమిటి పేరు చెప్పరు, నువ్వు జట్టు పిల్లల పేర్లే చెప్పవేంటని ఏడిపించాను. "పేరు చెప్తే గెలిస్తె ఒక్కదాన్ని ఎత్తుకుంటరు, ఓడితె ఒక్కదాన్ని దించుతరు," అంది.

లెక్క మాత్రం నోటికి ఉండేది. అది కూడా ఓడినవి ముందు. ఆసియా కప్పు ఎన్నిసార్లు తెచ్చారో అడిగితే చెప్పేది గానీ, తనంతట తాను మొదలుపెడితే రెండువేల ఐదు దగ్గర మొదలుపెట్టేది. అది మనవాళ్ల మొదటి ప్రపంచకప్పు ఫైనల్, ఆస్ట్రేలియా చేతిలో తొంభై ఎనిమిది పరుగుల తేడాతో ఓడారు. "ఓడింది ఓడినట్టు చెప్పాలె. గెలిచినయి ఎవలైన చెప్తరు," అనేది. ఇంకొకరు చెబితే నీతిబోధలాగుంటుంది. ఆమె మొగ్గలు తీస్తూ, వక్కపలుకు నములుతూ చెప్పేది.

మా చేలో మూడు సీజన్లు చేసింది. మూడోది రెండువేల పదిహేడు. ఆ ఏడు నాన్న మంచాన పడితే నేను ప్రతి ఆదివారం వనపర్తి నుంచి ఊరికి వెళ్లేదాన్ని. జూలైలో ఒక ఆదివారం, లండన్‌లో ప్రపంచకప్పు ఫైనల్. మనవాళ్లకూ ఇంగ్లండుకూ. మన టైము మధ్యాహ్నం మూడింటికి మొదలు. సరిగ్గా మొగ్గలు తీసే వేళ.

ఆ రోజు ముఠాలో ఒకామెకు జ్వరం. షెడ్డులో పడుకుంది. పూత మంచి జోరు మీద ఉంది, ఆ పూట వదిలేస్తే మొగ్గలు మర్నాటికి విచ్చుకుని పోతాయి. పది మందే ఉన్నారు. నేను చీర బిగించి తమ్ముడి పాత చొక్కా వేసుకుని వెళ్లాను.

"నేను పడ్తా మూడు సాళ్లు," అన్నాను.

"వద్దు టీచరమ్మా," అంది మేస్త్రమ్మ.

"ఎందుకొద్దు? ఇరవై ఏళ్ల నుంచి పువ్వు పాఠమే చెప్తున్న. ఏది కేసరమో, ఏది కీలమో నాకు తెల్వదా?"

"మీరు చెప్పేటిది బోర్డు మీద పువ్వు."

పదిమంది ముందు అనేసరికి నాకు రోషం వచ్చింది. చాకుతోనో బ్లేడుతోనో ప్రాక్టికల్స్‌లో ఇంతకంటే సన్నపు పని చేయిస్తానని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె కాసేపు విని, సాళ్లకేసి చూసి, ఆకాశంకేసి చూసి, "సరే. పదకొండో మనిషివి నువ్వే," అంది. కుడి జేబులోంచి ఎర్ర కాగితాలు గుప్పెడు తీసి నాకిచ్చింది. ఫోను సౌండు పెంచింది.

ఆ సాయంత్రం చేలో ఉన్నంత సంబరంగా ఆ ఏడంతా మా ఇంట్లో నేను ఉన్నది లేదు. వికెట్ పడితే పదిమందీ సన్నగా ఒక కూత వేసి మళ్లీ మొగ్గల మీదికి వంగేవాళ్లు. ఇంగ్లండు ఆట మధ్యలో టపటపా వికెట్లు పడ్డాయి. ఎప్పుడూ సాళ్ల వెంట తిరుగుతూ ఒక్కొక్కరి మొగ్గలు తిప్పి చూసే మేస్త్రమ్మ ఆ రోజు తన సాలు వదిలి కదల్లేదు, చెవి జేబు దగ్గర పెట్టి పని చేస్తూ పోయింది. నేను నా మూడు సాళ్లూ అందరికంటే ముందే పూర్తి చేశాను. అది నా పనితనమని అనుకున్నాను.

రాత్రి మనవాళ్లు ఓడిపోయారు. రెండువందల ఇరవై తొమ్మిది కొట్టాలి. మూడు వికెట్లకు నూట తొంభై ఒకటి దాకా వెళ్లి, ఆ తర్వాత ఇరవై ఎనిమిది పరుగుల్లో ఏడుగురూ అయిపోయారు. తొమ్మిది పరుగుల తేడా. తమ్ముడు టీవీ కట్టేసి, ఫలానా ఆమె నిలబడి ఉంటేనా అని పేరు పెట్టి తిట్టుకుంటూ పడుకున్నాడు.

పొద్దున నేను చేలోకి చాయ్ తీసుకెళ్లేసరికి ముఠాలోనూ అదే నడుస్తోంది. మగపువ్వులు బుట్టల్లో పోసుకుంటూ ఒకామె, "ఆ పిల్ల గట్ల పరుగుకు ఉరకకుంటే గెలుస్తుండె," అంటోంది.

"పదకొండు మంది ఓడిండ్రు," అంది మేస్త్రమ్మ.

రుద్దడం మొదలుపెట్టే ముందు చేను ఒకసారి నడిచి చూడటం ఆమె అలవాటు. ఆ రోజు ఒక సాలు దగ్గర ఆగింది. కూర్చుంది. పక్క సాలుకు జరిగి మళ్లీ కూర్చుంది. అలా చాలాసేపు తిరిగింది. తిరిగొచ్చి గట్టు మీద నిలబడి, "నిన్న ఈ దిక్కు వట్టినయన్ని గిల్లేయుండ్రి," అంది. ఆ దిక్కు అంటే అరెకరం. ఆ పూట తీసిన మొగ్గల్లో సగానికి పైన. ఎవరూ ఎందుకని అడగలేదు. వంగి గిల్లడం మొదలుపెట్టారు. ఎర్ర కాగితాలు తగిలించిన మొగ్గలు సాళ్లలో రాలుతుంటే నాకు ఈమెకు ఓటమి తలకెక్కిందనిపించింది.

తమ్ముడు బండి దిగుతూనే అరిచాడు. "ఏం చేస్తుండ్రు? ఏమైంది?"

"మా శాత తప్పయింది పటేలా. నిన్న మాపు మనసు మ్యాచిల ఉండె. అడుగున పుప్పొడి మిగిలింది."

"ఎవల శాత? ఏ సాలు? సూపియ్."

"సాలు లేదు. ముఠా చేసింది."

"ముఠా అంటె? తప్పు చేసినోళ్ల సాళ్లు గిల్లుండ్రి. మంచియి ఎందుకు గిల్లుతుండ్రు?"

"అనుమానముంటే గిల్లుడే పటేలా. ఈ పూట పోయింది, ఎల్లుండి దాంక ఒక పూట ఎక్కువ చేసి నిండిస్తం."

అక్కడ నోరు మూసుకోవాల్సింది నేను. మూసుకోలేదు. "నేను నిన్ననే అనుకున్న, ఫోను బంద్ చెయ్యమని చెప్పాలని. పని మీద చెయ్యి, మ్యాచి మీద చెవి ఉంటే ఇట్లనే ఉంటది," అన్నాను, క్లాసులో చెప్పినట్టు. ముఠాలో పదిమందీ నన్నే చూశారు. సిగ్గుపడుతున్నారనుకున్నాను. మేస్త్రమ్మ నా చేతిలోంచి చాయ్ గ్లాసు తీసుకుంది, ఊదుకుంటూ తాగింది. ఫోను ఎడమ జేబులోంచి తీసి, షెడ్డులోకి వెళ్లి, సంచిలో పెట్టి వచ్చింది.

సీజను అయిపోయి పోయేటప్పుడు అందరికీ చెప్పి నా దగ్గరికొచ్చి, "పోయొస్త. గోరు పెంచుకో టీచరమ్మా," అంది. నేను నవ్వాను. వచ్చే ఏడు నన్ను కూలికి పిలుస్తానంటోంది కాబోలనుకున్నాను.

వచ్చే ఏడు మేం ఆమెనే పిలవలేదు. మ్యాచిల పిచ్చి ఉన్న ముఠా మనకెందుకని తమ్ముడితో అన్నది నేనే. 'మ్యాచి మేస్త్రి' అని పేరు పెట్టిందీ నేనే. ఆ పేరు తమాషాగా ఉందని తమ్ముడు నలుగురికి చెప్పాడు. నలుగురూ పక్క ఊళ్లకు చెప్పారు. మా విత్తనం ఆ ఏడు కంపెనీ పరీక్షలో శుభ్రంగా నిలిచింది. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. గద్వాల దిక్కు ఆమెకు రెండేళ్లు పిలుపు లేదు. బల్మూర్ వైపు మామూలు పత్తి ఏరడానికి పోయిందని తర్వాత విన్నాను. అదేమంత పెద్ద విషయంగా నాకు తోచలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి సంగతి నాకు తెలుసు.

ఆ తర్వాత వనపర్తి బస్టాండులో కలిసేది, ఏటా ఒకసారో రెండుసార్లో. నేను కాలేజీ నుంచి వస్తుంటే మూటల మీద కూర్చుని కనబడేది. కోపం ఛాయ కూడా ఉండేది కాదు. పక్కకు జరిగి చోటిచ్చేది. మా మధ్య మాట్లాడుకోవడానికి ఉన్నది ఆ జట్టే కాబట్టి అదే మాట్లాడుకునేవాళ్లం. రెండువేల ఇరవై ఫిబ్రవరి, మార్చిల్లో ఇరవై ఓవర్ల చిన్నాట ప్రపంచకప్పులో ఫైనల్ దాకా పోయి మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఓడారు. ఆ తర్వాత రెండేళ్లకు కామన్వెల్తు ఆటల్లో ఫైనల్, మళ్లీ ఆస్ట్రేలియా. "మల్ల తొమ్మిదే," అంది ఆమె తల అడ్డంగా ఊపుతూ. నిజమే, ఆ తేడా కూడా తొమ్మిది పరుగులే.

"మరి ఎందుకు పట్టుకుని వేలాడుతున్నవ్ వాళ్లను?" అని అడిగాను.

"ఫైనల్ దాంక పోతేనే గద ఫైనల్ల ఓడేది," అంది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చెయ్యి ఊపి, "గోరు పెంచుకో టీచరమ్మా," అంది. ప్రతిసారీ అదే. కండక్టరు కూడా నవ్వేవాడు.

ఇప్పుడు మ్యాచిలు చేలో వింటున్నావా అని అడిగితే, లేదంది. ఫోను ఇంటి దగ్గర పెట్టి పోతుందట. ఇంటికొచ్చాక ఎంతకు ఓడారో, ఎంతకు గెలిచారో మనుమరాలు చెబుతుందట. బుద్ధి వచ్చిందన్నమాట అనుకున్నాను. ఆ మాట పైకి అన్నానో లేదో గుర్తులేదు. అనే ఉంటాను.

రెండువేల ఇరవై ఐదు నవంబరులో మనవాళ్లు ప్రపంచకప్పు గెలిచారు. ముందు వరసగా మూడు మ్యాచిలు ఓడి, ఇక ఇంటికే అని అందరూ అనుకున్నాక, ఆస్ట్రేలియాను సెమీఫైనల్లో కొట్టి, ఫైనల్లో దక్షిణాఫ్రికాను కొట్టారు. క్రికెట్ పడని నేను కూడా పొద్దున పేపరు మొదటి పేజీ నుంచి చదివాను. ఆమెకు ఫోన్ చేశాను.

"గెలిచారంట."

"గెలిచిండ్రు. నా మనుమరాలు లేపి చెప్పింది. బొంబాయి దిక్కే ఆడిండ్రంట గద." మళ్లీ తనే అందుకుంది. "మూడు ఓడినంక గెలిచిండ్రు టీచరమ్మా. గా మూడు గూడ రాయాలె."

"ఎవరు బాగా ఆడారు?"

"అందరు."

"ఇవాళైనా ఒక్క పేరు చెప్పు."

"పేర్లు పేపరోళ్లు రాస్తరు తియ్." నవ్వు వినిపించింది. నేనూ హుషారు మీద ఉండి, "అయితే ఈసారి పువ్వులు గిల్లే పని లేదు," అన్నాను.

"లేదు. నీ బోర్డు మీద పువ్వులు మంచిగున్నయా?"

"ఉన్నయి."

"ఉంటయి. బోర్డు మీదియి పాడుగావు."

అదే ఆఖరి మాట. రెండు నెలలు తిరక్కుండా పోయింది.

కూడిక అయ్యాక ఇంటి ముందు టెంటు కింద భోజనాలు పెట్టారు. ముఠా ఆడవాళ్లంతా ఒక వరసలో కూర్చున్నారు. పాతవాళ్లలో ఏడుగురున్నారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. చావింట్లో చనిపోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు, ఒక నవ్వే మాట చెప్పడం మామూలే కదా. నేను నవ్వే మాట చెప్పాను. "ఎంత పనిమంతురాలో అంత మ్యాచి పిచ్చి. మా చేలో ఫైనల్ వింటూ వింటూ అరెకరం పువ్వులు పాడుచేసుకుంది పాపం."

ఎవరూ నవ్వలేదు. పప్పు వడ్డించే అబ్బాయి దాటిపోయేదాకా ఎల్లమ్మ ఆగింది.

"పాడైనయి మూడు సాల్లే గద టీచరమ్మా," అంది.

"ఏ మూడు?"

ఎల్లమ్మ పక్కామె వైపు చూసింది. పక్కామె విస్తరిలోకి చూసింది.

"ఏ మూడు ఎల్లమ్మా?"

"నువ్వు వట్టినయి." గొంతు తగ్గించి చెప్పింది, అయినా వరసంతా వినబడింది. "మా సాల్లు మంచిగనే ఉండె. పొద్దుగాల మేము గూడ సూసినం. నీ మూడు సాల్లల్ల ఏ మొగ్గ తిప్పినా అడుగున పచ్చగ దుమ్ము. గోరు దిగలే, రెక్కలు మాత్రం ఊడినయి. మీ తమ్మునితోటి చెప్పుదం అన్న నేను, మన పేరెందుకు పోవాలె అని. వద్దన్నది. మాపు మనతోటి పదకొండో మనిషి ఆమె, ముఠాల ఉన్నోల్ల సాలు చూపియ్యం అన్నది. నీయి మూడే గిల్లితే అందరికి తెలుస్తదని అన్ని గిల్లిపిచ్చింది."

నాకు అన్నం ముద్ద చేతిలోనే ఉంది. "మరి మ్యాచి?"

"మ్యాచి లేకుంటే మాపునే నీ మొగ్గలు తిప్పి సూస్తుండె. గదొక్కటే ఆమె తప్పు. అందుకనే ఫోను ఇడ్సిపెట్టింది."

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నేను క్లాసులో ఎన్నిసార్లు వాడానో. ఎనిమిదేళ్లు మద్దెలను తిట్టాను. మద్దెల నా చేతి చాయ్ తాగి, బస్టాండులో చోటిచ్చి, ఫోను చేస్తే నవ్వింది. అక్కడ పదిమందిలో నాకు ఏడుపొచ్చింది. దాంతోపాటు, చెప్పడానికి సిగ్గుగా ఉంది, కోపం కూడా వచ్చింది.

"నాకొక్కదానికన్నా చెప్పొచ్చు గద. ఇన్నేళ్లు కలిసింది. ఒక్కసారన్నా చెప్పొచ్చు గద."

"చెప్పింది గద," అంది ఎల్లమ్మ ఆశ్చర్యపోయి. "ఎప్పుడు కలిసినా గోరు పెంచుకో అని చెప్తుండె గద."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని తమ్ముడికి ఫోన్ చేశాను. ఆ ఏడు చెడిపోయినవి మేస్త్రమ్మ సాళ్లు కావు, నావి అని చెప్పాను. మ్యాచి మేస్త్రి అన్న పేరు పెట్టింది నేను కాబట్టి, ఎవరెవరికి చెప్పావో వాళ్లందరికీ ఆ మూడు సాళ్లు మా అక్కవి అని చెప్పమన్నాను. చనిపోయిన మనిషి గురించి ఇప్పుడెందుకక్కా అన్నాడు. చెప్పు, అన్నాను. చెప్తా అన్నాడు. తర్వాత అడిగాడు.

"నీకెవలు చెప్పిండ్రు?"

"ముఠా చెప్పింది," అన్నాను.